పొగ ఏటా చూస్తారు, వెలుగు పదిహేనేళ్లకోసారి! మసకబారిన కారు హెడ్‌లైట్లను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

తిరుపతి నుంచి పుత్తూరు వైపు రాత్రిపూట కారు నడిపేవారికి వడమాలపేట దగ్గర ఒక అనుభవం తప్పదు. ఎస్వీ పురం టోల్ ప్లాజా దగ్గర పట్టపగల్లా వెలుగు. గేటు దాటి కాస్త ముందుకు వెళ్తే చీకటి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేలోపే బండి వేగం అందుకుంటుంది. ఇక అక్కడి నుంచి ముందు ఏముందో చెప్పాల్సింది మీ కారు హెడ్‌లైట్లే.

ముందు ఏముంటుంది? ఏ రిఫ్లెక్టరూ లేని ట్రాక్టర్ ట్రాలీ ఉండొచ్చు. రోడ్డు దాటుతున్న ఆవు ఉండొచ్చు. పెరటాసి నెలలో అయితే మనుషులే ఉంటారు. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా తమిళనాడు నుంచి తిరుమలకు కాలినడకన వచ్చే భక్తులు తిరుత్తణి, నగరి, పుత్తూరు, వడమాలపేట మీదుగా ఈ హైవే అంచునే నడుస్తారు. ఎండ తప్పించుకోవడానికి సాయంత్రం మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా నడిచేవాళ్లు ఎక్కువ. పసుపు బట్టలు పగలు దూరం నుంచే కనిపిస్తాయి. రాత్రి అవి కనిపించాలంటే వాటి మీద వెలుగు పడాలి.

మీ కారు నంబరు ఏపీ 03తో మొదలవుతుందా? అయితే ఈ కథనం ముఖ్యంగా మీ కోసమే. ఏపీ 03 ఉమ్మడి చిత్తూరు జిల్లా కోడ్. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ వచ్చింది. అంటే ఏపీ 03 ప్లేటు ఉన్న ఏ కారైనా కనీసం అరడజను రాయలసీమ ఎండాకాలాలు చూసినట్టే. ఒకసారి బయటికి వెళ్లి హెడ్‌లైట్ వైపు చూడండి. పాలపొర కప్పినట్టు తెల్లగానో, టీ మరక పట్టినట్టు పసుపుగానో ఉంటే వెలుగు అక్కడే ఆగిపోతోందని అర్థం.

ఎందుకిలా మసకబారుతుంది?

అంబాసిడర్ రోజుల్లో హెడ్‌లైట్ ముందుభాగం గాజుతో ఉండేది. గాజు పగులుతుంది కానీ పసుపెక్కదు. ఇప్పటి కార్లలో మెకానిక్‌లు ‘డూమ్’ అని పిలిచే ఆ భాగం పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. బరువు తక్కువ, రాయి తగిలినా అంత సులువుగా పగలదు, ఏ ఆకారంలోనైనా పోత పోయొచ్చు. అమెరికాలో 1980ల్లో మొదలై ప్రపంచమంతా దీనికి మారింది.

దీని బలహీనత అతినీలలోహిత కిరణాలు. పూత లేని పాలికార్బొనేట్ ఎండలో పసుపెక్కి, పైన కంటికి కనిపించని సన్నని పగుళ్లు పడుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద యూవీని అడ్డుకునే గట్టి పారదర్శక పూత వేస్తారు. కొత్త కారు లైటు మిలమిలలాడేది ఆ పూత వల్లే. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము, ఇసుక రేణువులు, పొడిగుడ్డతో పెట్టే తుడుపు కలిసి ఆ పూతను అరగదీస్తాయి. అది పోయాక అసలు ప్లాస్టిక్ పాడవడం మొదలవుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా అంతా తేలిక. పోయింది మెరుపు కాదు, పూత. కాబట్టి రుద్ది మెరిపించడం సగం పని మాత్రమే. పూత తిరిగి వేయడం రెండో సగం. ఇంటర్నెట్‌లో తిరిగే చిట్కాల్లో చాలావరకు ఆ రెండో సగాన్ని ఎగ్గొడతాయి.

ఎంత వెలుగు పోతుంది?

అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో పాతబడి మసకబారిన హెడ్‌లైట్లను పరీక్షించింది. లో బీమ్‌లో అవి కొత్త లైటు ఇచ్చే వెలుగులో 22 శాతమే ఇస్తున్నాయని తేలింది. రుద్ది, పాలిష్ చేసి బాగుచేశాక అది సుమారు 70 శాతానికి చేరింది.

ఈ శాతాలను రోడ్డు మీది దూరంలోకి మార్చి చూద్దాం. దూరం రెట్టింపైతే ఒక వస్తువు మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన వెలుగు 22 శాతానికి తగ్గితే మీరు చూడగలిగే దూరం సగానికంటే తక్కువవుతుంది. కొత్త లైటుతో లో బీమ్‌లో 60 మీటర్ల దూరంలో మనిషి కనిపిస్తాడనుకుంటే, మసక లైటుతో దాదాపు 28 మీటర్లలోనే కనిపిస్తాడు. బాగుచేసిన లైటుతో 50 మీటర్లు.

ఇప్పుడు బ్రేకు సంగతి. గంటకు 80 కి.మీ. వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనిషిని చూసి కాలు బ్రేకు మీద పడడానికి ఒకటిన్నర సెకన్లు, ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసి ఆగడానికి పట్టే దూరం కలిపితే దాదాపు 70 మీటర్లు. 28 మీటర్ల చూపుతో ఆగగలగాలంటే వేగం గంటకు 43 కి.మీ. దాటకూడదు. 50 మీటర్ల చూపుంటే 65 దాకా వెళ్లొచ్చు. ఇవి మంచి టైర్లు, మేలుకున్న డ్రైవరు, వాన లేని రాత్రి అనుకుని వేసిన లెక్కలు. టోల్ గేటు దాటాక 43లో నడిపేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాలు ఎక్కువగా జరిగింది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య. వాటన్నింటికీ హెడ్‌లైట్లే కారణమని కాదు. ఆ సమయంలో రద్దీ ఎక్కువ, అలసట ఎక్కువ. కానీ చీకటి పడే వేళ చూపు తగ్గితే మిగతా తప్పులను సరిదిద్దుకునే వ్యవధి కూడా తగ్గుతుంది.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 105వ నిబంధన స్పష్టంగానే ఉంది. చీకటి పడ్డాక వాహనం లైట్లు 155 మీటర్ల ముందున్న మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించేంత వెలుగు ఇవ్వాలి. 106వ నిబంధన ఆ వెలుగు ఎదుటివారి కళ్లలో కొట్టకుండా కిందికి వంగి ఉండాలంటుంది. లోపమున్న వాహనాన్ని అది ప్రమాదకరమని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత చట్టంలో దీనికి రాసిన జరిమానా రూ.1,500.

మరి చూసేదెవరు? ఇక్కడే అసలు ఖాళీ ఉంది.

పసుపు ప్లేటు ట్యాక్సీ, ఆటో, లారీ వంటి రవాణా వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. హెడ్‌లైట్ల పనితీరు అందులో భాగం. తెల్ల ప్లేటు సొంత కారుకు అలాంటిదేమీ లేదు. కొన్నప్పుడు ఇచ్చిన రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. గడువు ముగిశాకే తనిఖీ చేయించుకుని, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10,000కు పెంచారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి వేరు. బీఎస్-4, బీఎస్-6 కార్లకు ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకోసారి అది తప్పనిసరి. అంటే మీ కారు వెనక నుంచి వచ్చే పొగను ప్రభుత్వం ఏటా కొలుస్తుంది. ముందు నుంచి వచ్చే వెలుగును పదిహేనేళ్ల దాకా ఎవరూ అడగరు. ఈలోగా డూమ్ రెండుసార్లు పాడై ఉంటుంది.

ఇంగ్లండ్‌లో కారు మూడేళ్లు నిండగానే ఏటా పరీక్షకు వెళ్లాలి. లెన్స్ మీద వెలుగును తగ్గించేది ఏమున్నా అక్కడ లోపంగా రాస్తారు. జపాన్‌లో మొదట మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి తనిఖీ. మన దగ్గర సొంత కార్లన్నింటికీ అంత పెద్ద పరీక్ష ఇప్పట్లో సాధ్యం కాకపోవచ్చు. కానీ పొగ కొలిచే బూత్‌లోనే అర నిమిషం లైటు వేయించి డూమ్‌ను చూడడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఏటా జనవరిలో రహదారి భద్రతా మాసోత్సవాల్లో డ్రైవర్లకు ఉచిత కంటి పరీక్షలు చేస్తారు, మంచిదే. బండి కళ్లు కూడా అక్కడే చూస్తే పోయేదేముంది? అది జరిగేదాకా ఈ తనిఖీ మనమే చేసుకోవాలి.

ముందు ఒక మగ్గు నీళ్లు

పని మొదలుపెట్టే ముందు మసక ఎక్కడుందో తేల్చుకోండి. డూమ్ మీద మగ్గుతో నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకైతే సమస్య బయటి పొరలోనే ఉంది. ఇంట్లో బాగవుతుంది. తడిసినా మసకగానే ఉంటే లోపల తేమ చేరిందనో, పగుళ్లు లోతుగా ఉన్నాయనో, బల్బు వెనకుండే వెండి రంగు రిఫ్లెక్టర్ కాలి నల్లబడిందనో అర్థం. అప్పుడు ఎంత రుద్దినా చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది. వానలో కొద్దిగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే మాత్రం కంగారు అక్కర్లేదు.

గోటితో తట్టి చూడండి. గాజు శబ్దం వస్తే అసలు రుద్దకండి. కారు ఇంకా వారంటీలో ఉంటే ముందు షోరూమ్‌లో అడగండి.

ఇంట్లో చేసే పద్ధతి

కావలసినవి: పెయింటర్లు తడిపి రుద్దే వాటర్ పేపర్ (800, 1000, 1500, 2000, 3000 నంబర్లు), మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండ్, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, హెడ్‌లైట్ల కోసమే తయారైన యూవీ పూత. చివరిది తప్ప మిగతావన్నీ హార్డ్‌వేర్ షాపు, పెయింట్ల షాపు, మందుల షాపు తిరిగితే దొరుకుతాయి. చివరిది ఆన్‌లైన్‌లోనో, పెద్ద కారు యాక్సెసరీస్ షాపులోనో వెతకాలి. అది చేతిలోకి వచ్చేదాకా పని మొదలుపెట్టొద్దు. మిగిలి ఉన్న కాస్త పాత పూతను కూడా గీకేసి, కొత్తది లేకుండా ఎండలో తిప్పడం కంటే మసక లైటే నయం.

కారును నీడలో పెట్టండి. బానెట్ చల్లారనివ్వండి. డూమ్‌ను షాంపూ నీళ్లతో కడిగి ఇసుక రేణువు లేకుండా చేయండి. చుట్టూ ఉన్న పెయింటు మీద టేపు రెండు వరుసలు వేయండి. దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లు తర్వాత బంపర్‌కు పెయింటింగ్ చేయించుకోవాల్సి వస్తుంది.

వాటర్ పేపర్‌ను పది నిమిషాలు నీళ్లలో నాననివ్వండి. పూత పెచ్చులుగా లేస్తుంటే 800తో, మామూలు పసుపే అయితే 1000తో మొదలుపెట్టండి. నీళ్లు చిలకరిస్తూ, గట్టిగా నొక్కకుండా, ఒకే దిశలో రుద్దండి. మొదట పసుపు నీళ్లు కారతాయి. అది పాత పూత. నీళ్లు తెల్లగా మారి, డూమ్ అంతా ఒకే తీరుగా, మచ్చలు లేకుండా మసకబారినప్పుడు ఆ నంబరు పని పూర్తయినట్టు. ఈ దశలో లైటు మొదటికంటే ఘోరంగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే భయపడి ఆపేస్తారు. ఆపొద్దు.

తర్వాతి నంబరుతో అడ్డంగా, అంటే ముందు పక్కలకు రుద్ది ఉంటే ఇప్పుడు పైకి కిందికి రుద్దండి. పాత గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒక్క నంబరు కూడా దాటేయకండి. 800 గీతను 3000 చెరపలేదు. ప్రతి నంబరు మార్చినప్పుడు కడగాలి, నీళ్లు మార్చాలి. ఒక్కో లైటుకు ముప్పావు గంట అనుకోండి.

ఎక్కడి దాకా రుద్దాలన్నది మీ పూత సీసా మీద రాసి ఉంటుంది. ఇది చాలామందికి తెలియని విషయం. గుడ్డతో రాసే కొన్ని పూతలకు 3000 దాకా వెళ్లి, కాంపౌండ్‌తో మెరిపించాలి. స్ప్రే పూతలు చాలావాటికి నున్నటి ఉపరితలం పనికిరాదు. కాస్త గరుకుంటేనే పట్టుకుంటాయి. ఆ సన్నని గీతలను పూతే నింపేస్తుంది. లేబుల్ చదవకుండా పాలిష్ చేసి స్ప్రే కొడితే మూడు నెలల్లో పెచ్చులూడుతుంది.

పూత వేసేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ దగ్గరికి రానివ్వకండి. పాలికార్బొనేట్‌ను అవి లోపలి నుంచి పగలగొడతాయి. పూతను పలుచగా, దుమ్ము లేనిచోట, వాన, మంచు లేని రోజు వేయండి. రెండు భాగాలు కలిపి కొట్టే ‘టూ కె’ క్లియర్ స్ప్రేలు ఎక్కువ కాలం నిలుస్తాయి కానీ వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. తగిన రెస్పిరేటర్ లేకుండా, ముఖానికి కర్చీఫ్ కట్టుకుని ఆ పని చేయొద్దు. అలాంటిది కావాలనుకుంటే పెయింటింగ్ షెడ్‌కే ఇవ్వండి. పూత వేశాక సీసా మీద చెప్పినంతసేపు నీళ్లు తగలనివ్వకండి.

స్ప్రే గొడవ వద్దనుకుంటే మరో దారి ఉంది. పాలిష్ చేశాక యూవీని అడ్డుకునే పారదర్శక ఫిల్మ్ అతికించడం. చిన్న రాళ్ల దెబ్బలను కూడా అదే కాస్తుంది. పాడైతే పీకేసి కొత్తది వేసుకోవచ్చు. రంగు ఫిల్మ్ మాత్రం వద్దు. అది వెలుగును ఇంకా తగ్గిస్తుంది.

టూత్‌పేస్ట్ పనిచేయదా?

పనిచేస్తుంది, ఒక నెల. టూత్‌పేస్ట్‌లో సన్నని గరుకు పొడి ఉంటుంది. పై పసుపును కాస్త గీకుతుంది కాబట్టి లైటు మెరుస్తుంది. ఇది రాస్తున్న నేనూ ఒక ఆదివారం సగం ట్యూబు రుద్ది, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టినవాడినే. ఎండాకాలం సగంలోకి వచ్చేసరికి ఆ ఫొటో ఎవరికీ కనపడకుండా ఉంటే బాగుండనిపించింది. పూత లేదు కాబట్టి మామూలుకంటే తొందరగా పసుపెక్కింది.

నిమ్మకాయ, వంటసోడా కూడా ఇదే కోవ. దోమల స్ప్రే మాత్రం నిజంగా ప్రమాదం. అందులోని డీట్ ప్లాస్టిక్ పైపొరను మెత్తబరుస్తుంది. వీడియోలో కనిపించే ఆ మెరుపు కరిగిన ప్లాస్టిక్‌దే. కొన్నాళ్లకు అక్కడ పగుళ్లు పడతాయి. పక్కకు కారితే పెయింటూ పాడవుతుంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కోసం ఈ దారినే వచ్చే జనం ఉన్నారు. కట్టు వేశాక ఎన్నాళ్లు కదపకూడదో వాళ్లు అడిగి మరీ తెలుసుకుంటారు. లైటు దగ్గరికి వచ్చేసరికి ఐదు నిమిషాల చిట్కా కావాలంటాం.

మళ్లీ పాడవకుండా

నీడలో పార్కింగ్ కంటే మించిన మందు లేదు. వీధిలో పెట్టక తప్పకపోతే కవర్ వేయండి, అయితే దుమ్ము పట్టిన బండి మీద కాదు. గాలికి కదిలే కవర్ కింద ఆ దుమ్మే ఉప్పుకాగితం అవుతుంది. ఉదయం పొడిగుడ్డతో కారు తుడిచే అలవాటుంటే డూమ్ వరకైనా మానేసి ముందు నీళ్లు పోయండి. పురుగుల మరకలు ఎండిపోయాక గీకకండి, తడిగుడ్డ కాసేపు వేసి నానబెట్టండి. పూత మీద నెలకోసారి కార్ వ్యాక్స్ రాస్తే కొంత మేలు. ఇంట్లో వేసిన పూత ఫ్యాక్టరీ పూత అంత కాలం ఉండదు. ఏటా పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వెళ్లే రోజున దాన్ని కూడా చూసుకోవడం పెట్టుకుంటే మర్చిపోరు.

వెలుగు చాలట్లేదని 100 వాట్ల బల్బు వేయించే పొరపాటు చేయొద్దు. చాలా కార్లలో ఉండే హెచ్4 బల్బు హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55 వాట్లు. అంతకు మించిన వేడికి హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది. మసక డూమ్ వెనక తెల్లటి ఎల్ఈడీ బల్బు పెడితే ఆ వెలుగు అన్ని వైపులకూ చిందుతుంది. మీకు రోడ్డు కనిపించదు, ఎదురుగా వచ్చేవాడికి ఏదీ కనిపించదు.

డూమ్ లోపలే పగుళ్లు వచ్చినా, రిఫ్లెక్టర్ పాడైనా మొత్తం మార్చాల్సిందే. చవక నకలు డూమ్ కొనేముందు దాని మీద యూవీ పూత ఉందో లేదో అడగండి. లేనిది ఏడాది రెండేళ్లలో మళ్లీ అదే స్థితికి వస్తుంది.

పనంతా అయ్యాక చీకటి పడ్డప్పుడు కారును చదునైన నేల మీద, గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో పెట్టి లో బీమ్ వేయండి. రెండు వెలుగుల పై అంచు ఒకే ఎత్తులో, డూమ్ మధ్య ఎత్తుకంటే కాస్త కిందగా ఉండాలి. ఒకటి పైకి పోతుంటే మెకానిక్‌తో సరిచేయించండి. ఇన్నాళ్లు మసక వెనక దాగిన తప్పు అది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది, తిప్పి చూసినవాళ్లు తక్కువ. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే బండి ముందుభాగం పైకి లేస్తుంది. అప్పుడు ఆ అంకె పెంచితే వెలుగు కిందికి దిగుతుంది. ఒక్కరే వెళ్తుంటే 0లో ఉంచండి.